పిలుపుకీ పిలుపుకీ మధ్య

సోమవారం గుంటూరులో నా గొంతుకు ఆపరేషన్. తరవాత మాట ఉండదని డాక్టరుగారు ముందే చెప్పేశారు. మాట సంగతి సరే, నేనెప్పుడూ పెద్దగా వాడలేదు. సముద్రంలో వేసిన అలివి వల ఒడ్డుకి లాగేటప్పుడు పిలుపు ఎవరిస్తారన్నదే బెంగ. ఒడ్డున ఇరవై మంది తాడు పట్టుకుంటారు. నేను పిలిస్తే వాళ్లు ఒక్క ఊపున లాగాలి. ఊపు కలవకపోతే వల పక్కకి పోయి చేప జారిపోతుంది.

అందుకని మేనల్లుడు బంగార్రాజు నన్ను కోడూరులో బస్సెక్కించి బందరులో సుహైల్ క్యాసెట్ల కొట్టుకి తీసుకొచ్చాడు. సుహైల్ ఆ వారమే కంప్యూటర్లో రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వేయించాడట. మొదటిసారి తెరిచాడు కదా, అది ఏవేవో అడిగింది. ఏ మైకు, ఎంత శబ్దం, ఎక్కడ దాచాలి. అన్నిటికీ సరే అని నొక్కుకుంటూ పోయాడు.

"ఏదైనా మాట్లాడండి తాతగారూ, లెవెల్ చూసుకుంటాను."

నేను సంచిలోంచి తాడు తీశాను.

"మా అత్తయ్య ముప్పై ఏళ్లు అడిగింది ఆ మాటే," అన్నాడు బంగార్రాజు.

"తాడు కట్టరా," అన్నాను. తెరమీద పచ్చగీత లేచింది. పిలుపు ఇంకా పెద్దగా ఉంటుందని సుహైల్ దాన్ని కాస్త తగ్గించాడు.

చేతిలో తాడు లేకపోతే నాకు పిలుపు రాదు. ఇంటినుంచి తెచ్చిన తాడు కిటికీ ఊచకి కట్టించి, లాగుతూ మొదలుపెట్టాను. వల ఒడ్డెక్కేదాకా ఇచ్చే పిలుపులన్నీ పిలిచాను. చివర్లో నోట్లో ఉప్పగా తగిలింది. తువాలు మీద నెత్తురు. ఇంక పిలవలేనని తెలిసింది.

సుహైల్ వినిపించాడు. పిలుపులన్నీ ఒకదాని వెనక ఒకటి గబగబా వచ్చేశాయి.

"ఎవరో తరుముతున్నట్టుందేంటి? మరి లాగేదెప్పుడు?" అన్నాడు బంగార్రాజు.

సుహైల్ మొదట నొక్కినవన్నీ మళ్లీ చూశాడు. "శబ్దం లేనప్పుడు రికార్డింగ్ ఆగాలని టిక్కు పెట్టి ఉందండీ. నేనే చూసుకోలేదు." టిక్కు తీసేశాడు. "ఇంకొక్కసారి..."

తువాలు చూపించాను. మైకు పక్కన పెట్టాడు.

"పోనీ ఖాళీలు నేను పెడతానండీ. అన్నీ మూడేసి సెకన్లు పెట్టేదా?"

తల అడ్డంగా ఊపాను. తాడు మొదట తేలిక. వల దగ్గరయ్యేకొద్దీ బరువు. ఏ రెండు లాగుళ్లూ ఒకటి కావు. అది చెప్పడానికి గొంతు లేదు. లేచి తాడు పట్టుకుని, వినిపించమని సైగ చేశాను.

ఒక పిలుపు వినిపించి ఆపాడు. లాగాను. లాగడం అయ్యాక అతని వంక చూశాను. అంత ఖాళీ పెట్టి రెండోది వినిపించాడు. అలా నలభై పిలుపులు. చివరి ఖాళీ తొమ్మిది సెకన్లు.

"మొదటినుంచి వేసి చూద్దామాండీ?" అన్నాడు సుహైల్.

తాడు బంగార్రాజు చేతికిచ్చి కూర్చున్నాను. నా పిలుపుకి వాడొక్కడే లాగాడు. ఎక్కడా తొందరపడలేదు.