గోడ మీద డెబ్బై ఐదు

మా బావ లెక్కల మాస్టారు. బల్బు మార్చాలంటే స్టూలు తెచ్చుకోవాలన్న చిన్న లెక్క మాత్రం తట్టలేదు మహానుభావుడికి. అక్క ప్రాణంగా చూసుకునే గాజు టేబులెక్కాడు. ఫెళ్లుమంది! ఆయన నిక్షేపంగా ఉన్నాడు, గాజే నుజ్జునుజ్జైంది.

నాది గాజు కోసే కొట్టు. వెంటనే ఫోనొచ్చింది.

"మరదలా, నీకు పుణ్యముంటుంది. ఐదింటికి మీ అక్క వచ్చేస్తుంది. ఈలోగా అచ్చం అలాంటి గాజే పడాలి. దాని మీద మోచెయ్యి ఆనించినందుకే తనకి ఎన్నిసార్లు క్లాసు పీకానో నీకు తెలుసుగా! ఇప్పుడు నేను దొరికిపోతే జన్మంతా సాధిస్తుంది."

తెలియకేం! రెండేళ్ల కిందట బావ పేపర్లు దిద్దడానికి ఊరెళ్లినప్పుడు, అక్క వేడివేడి కుక్కరు పెట్టి ఇదే టేబుల్ గాజు పగలగొట్టింది. కొత్తది వేసింది నేనే. బావకి చెప్పనని ఒట్టు కూడా వేయించుకుంది. ఆ కొలతల అట్ట నా కొట్లో బీరువా వెనక అలాగే ఉంది. తీసి చూపిస్తే పని అయిపోతుంది, కానీ అక్క నన్ను నమిలేస్తుంది. సరే, మాస్టారు చెమటోడ్చనీ అనుకున్నా. నిజం చెప్పొద్దూ, సరదాగానే ఉంది.

వెళ్లేసరికి బావ నేల మీద కాగితాలు పరిచేశాడు. మిగిలింది ఇనప స్టాండు, గాజు అంచుని పట్టుకునే నాలుగు క్లిప్పులు.

"గాజు ఆకారం కోలగా ఉండే దీర్ఘవృత్తం. ఎక్స్ వర్గం బై ఏ వర్గం, ప్లస్ వై వర్గం బై బీ వర్గం, ఈక్వల్స్ ఒకటి. ఏ సగం పొడవు, బీ సగం వెడల్పు. తెలియనివి రెండే, అంచు మీద రెండు బిందువులు చాలు!"

స్టాండు మధ్య నుంచి కొలిచాడు. కుడి క్లిప్పు పొడవు వైపు అరవై, వెడల్పు వైపు ఇరవై నాలుగు సెంటీమీటర్లు. ఎడమది మైనస్ అరవై, ఇరవై నాలుగు. గంటసేపు కుస్తీ పట్టి, సున్నా ఈక్వల్స్ సున్నా అని తేల్చాడు.

"ఛీ! వర్గం చేస్తే మైనస్ పోతుంది. రెండూ ఒకే సమీకరణం! ఈ తప్పుకే పిల్లల్ని బెంచీ ఎక్కిస్తాను."

"నువ్వు ముందే టేబులెక్కేశావుగా బావా."

నవ్వలేదు పాపం. నాలుగు క్లిప్పులదీ అదే కథ, వాటి మీంచి ఎన్ని దీర్ఘవృత్తాలైనా గీయొచ్చట. తల పట్టుకు కూర్చున్నాడు. నాకే జాలేసింది.

"టేబుల్ కొస గోడకి రాసుకునేది కదా, గీత పడిందేమో చూడు."

ఎగిరి గంతేశాడు. మధ్య నుంచి గీత దాకా డెబ్బై ఐదు. అలవాటు చొప్పున పెన్సిలుతో గోడ మీదే రాసి, చుట్టూ డబ్బా కూడా గీశాడు. ఆ ఏ దొరికాక బీ చిటికెలో తేలింది, నలభై.

కొట్టుకెళ్లి దొంగచాటుగా అట్టతో పోల్చి చూశా. వెంట్రుకవాసి తేడా లేదు! అబ్బ, బావని చూస్తే ఎంత ముచ్చటేసిందో. కోసి, అంచు రుద్ది, ఐదుకి పది నిమిషాలుందనగా బిగించేశాం.

అక్క వచ్చింది. టేబుల్ వైపు చూడనైనా చూడలేదు.

"గోడ మీద ఈ డెబ్బై ఐదేంటండీ?"

బావ గోడకి అడ్డంగా నిలబడ్డాడు. "అదా... టేబుల్ సగం పొడవు. ఊరికే... గాజు మార్చాల్సొస్తే పనికొస్తుందని..."

"దానికింత హడావిడెందుకండీ? వెడల్పు ఎనభై సెంటీమీటర్లు, మందం పది మిల్లీమీటర్లు. అంచు రుద్దడానికే గంట పడుతుంది," అంది అక్క బ్యాగు దించుతూ.

బావ హమ్మయ్య అనబోయి ఆగిపోయాడు. "గంట పడుతుందని నీకెలా తెలుసు?"

అక్క నా వైపు చూసింది. బావా నా వైపే చూశాడు. నేను చెప్పులు వెతుక్కున్నాను.