ఏ రాయైతేనేం

కెనడాలోని సస్కటూన్‌లోని ఆ కాల్ సెంటర్‌కి పై చదువులకెళ్లిన మన పిల్లలు వచ్చీ రాగానే, హెడ్‌సెట్ కంటే ముందు ఫ్రిజ్‌లోంచి ఐస్ ప్యాక్ తీసుకుంటారు. అమెరికాలో ఎలక్షన్లు దగ్గరపడ్డాయి, అక్కడి ఓటర్లకు ఫోన్లు చేయడమే వీళ్ల పని. అవతలివాళ్లు కోపంతో చెయ్యి విసిరితే ఆ దెబ్బ ఫోన్లోంచి వచ్చి ఇవతల మాట్లాడేవాళ్లకు తగులుతుంది. పొద్దున ఒకరి పెదవి చిట్లుతుంది, మధ్యాహ్నానికి ఇంకొకరి ముక్కు పగులుతుంది. నెత్తురు తుడుచుకుని తర్వాతి నంబరు కలుపుతారు. చదువు ఆగకూడదు కదా.

ఉదయం నీలం పార్టీకి ఓట్లడుగుతారు, లంచ్ అయ్యాక ఎర్ర పార్టీకి. ఆ ఎర్ర మన ఎర్రజెండా కాదులెండి, రెండూ షావుకార్ల జెండాలే. ఫోన్లో చదవాల్సిన రెండింటి కాగితాలూ రాసి పంపేది ఇన్సులిన్ అమ్మే ఒకే కంపెనీ. రెండింట్లోనూ చివరి వాక్యం ఒకటే: 'మందుల ధరలు తగ్గించడమే మా మొదటి పని.'

"ఏ రాయైతేనేం అక్కా, పళ్లూడగొట్టుకోవడానికి," అంటాడు కర్నూలు కుర్రాడు ప్రణీత్. వాడికి నిజంగానే రెండు పళ్లు ఊడాయి.

ఖమ్మం నుంచి చదువుకోను వచ్చిన కావ్యశ్రీకి దెబ్బలకు ఎడమచెవి వినపడకుండా పోయింది. ఇంకొక్క దెబ్బ పడితే కుడిదీ పోతుందని డాక్టర్ చెప్పాడు. ఆమె వెళ్లి మేనేజర్ రాజగోపాల్‌తో చెప్పుకుంది. మన తెలుగాయనే కదా అని ఆశపడింది, పిచ్చిది.

"ఎలక్షన్ అయ్యేదాకా ఓర్చుకోమ్మా. మధ్యలో మానేస్తే, నువ్విక్కడ స్థిరపడ్డానికి కావాల్సిన పీఆర్‌కి జాబ్ లెటర్ ఇవ్వలేను," అన్నాడాయన.

ఆయన అద్దాల క్యాబిన్లో, ఇన్సులిన్ కంపెనీ పంపిన ప్రతినిధి కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

"సరే అంకుల్," అని వచ్చి తన సీట్లో కూర్చుంది కావ్యశ్రీ.

ఒహాయోలో ఒక ముసలాయన ఫోనెత్తాడు. ఆమె కాగితం చదివింది. చివరి వాక్యం దగ్గర ఆయన ఆపేశాడు.

"నిన్న అవతలి పార్టీవాళ్లూ ఇదే మాట చెప్పారు. ఇన్సులిన్ కొనలేక నా కూతురు సగం సగం వేసుకుంది. చచ్చిపోయింది. మార్చి మార్చి రెండు పార్టీలకూ ఓటేశాను నేను. ఇప్పుడెవర్ని కొట్టమంటావో చెప్పు!"

హెడ్‌సెట్ వేడెక్కింది. అవతల చెయ్యి లేచిందన్నమాట.

"అక్కా, తీసెయ్!" అని ప్రణీత్ అరిచాడు.

కాగితం ప్రకారమైతే ఇప్పుడు 'మీ ఓటు మాకేనా' అని అడగాలి.

"అయ్యో," అంది కావ్యశ్రీ, తెలుగులోనే. తర్వాత కాగితం కింద పడేసి ఇంగ్లిష్‌లో చెప్పింది. "ఇవి నా మాటలు కావండీ. ఏ పార్టీవీ కావు. రెండు కాగితాలూ ఆ ఇన్సులిన్ కంపెనీయే రాసింది. నిన్న మీకు ఫోన్ చేసిందీ ఇక్కణ్ణుంచే."

దెబ్బ వచ్చింది. ఆమె జుట్టు ఎగిరింది. అది చెవి పక్కనుంచి దూసుకెళ్లి, క్యాబిన్ అద్దం బద్దలుకొట్టి, ప్రతినిధి దవడ మీద పడింది. ఊడిన పళ్లు కొన్ని కాఫీ కప్పులో పడ్డాయి, కొన్ని బల్ల మీద. ఎవరూ ఆశ్చర్యపోలేదు. ప్రణీత్ తన కాగితం చింపేసి తర్వాతి నంబరు కలిపి, ఉన్న నిజం చెప్పేశాడు. వాణ్ణి చూసి అందరూ చింపారు. క్యాబిన్లో దెబ్బ మీద దెబ్బ పడుతూనే ఉంది. గోడంతా నెత్తురు.

"నీ లెటర్ సంగతి మర్చిపో!" అని రాజగోపాల్ బల్ల కిందనుంచి అరిచాడు.

ఆ మాట కావ్యశ్రీకి స్పష్టంగా వినిపించింది.

"అమ్మాయీ, నీకేమైనా తగిలిందా?" ముసలాయన గొంతు తగ్గించి అడిగాడు.

"లేదండీ."

ఆయన ఏడవడం మొదలుపెట్టాడు. ఆమె హెడ్‌సెట్‌ని కుడిచెవికి గట్టిగా అదుముకుని వింటూ కూర్చుంది.