ఒంటి పావుకోడు

నిన్న సాయంత్రం స్టూడియో నుంచి వెళ్ళేటప్పుడు లోపల తొడుక్కునే చెప్పులు రెండూ అర అంచుకు సమానంగా పెట్టి వెళ్ళింది. ఇవాళ కుడిది ఎడమదాన్ని ఆనుకుని ఉంది, దాని పక్కన జానెడు ఖాళీ. కురాహషి మిత్సుయో గొడుగు దులపకుండానే చెప్పుల అరల ముందు గొంతుక్కూర్చుని ఆ ఖాళీకేసి చూసింది. ఎవరో చెయ్యి పెట్టారు. ఊడ్చే ఆవిడ అయ్యుండొచ్చు. కానీ ఆవిడ మంగళవారం రాదు.

వాన బూట్లు విప్పి, ముందు భాగం గుమ్మం వైపు ఉండేలా అరలో పెట్టి, లోపలి చెప్పులు తొడుక్కుంది. మిగతావాళ్ళ అరలు నడుము ఎత్తులో ఉంటే ఆమెది అట్టడుగు వరసలో, మూలన. పంతొమ్మిదేళ్ళ క్రితం కావాలని అడిగి మార్పించుకుంది. అందుకు కారణం హనావా. బొమ్మల వెనక కనబడే కొండలూ చెట్లూ ఇళ్ళూ వేసే మనిషి. ఆమె పనిలో చేరిన కొత్తలో, రోజూ పొద్దున్నే చెప్పులు విప్పే వేళకు వచ్చి ఆమె కాళ్ళకేసి చూస్తూ నిలబడేవాడు. అందులోనూ ఎడమ చీలమండ మీదే చూపు. వారం రోజులు ఓర్చుకుంది. ఎనిమిదో రోజు పదిమందిలో అడిగేసింది.

"ఏంటండీ అలా చూస్తున్నారు? నా కాళ్ళకేమన్నా బొమ్మలు అంటించి ఉన్నాయా?"

అందరూ నవ్వారు. హనావా చెవులదాకా ఎర్రబడి తల దించుకున్నాడు. ఆ దించిన తల ఆమె ముందు మళ్ళీ ఎత్తలేదు. తప్పు లేనివాడైతే తల ఎందుకు దించుతాడని మిత్సుయో అప్పుడు తీర్మానించుకుంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే రకం. తీర్మానించుకున్నాక మళ్ళీ దాని గురించి ఆలోచించలేదు.

మిత్సుయోకు యాభై మూడేళ్ళు. సన్నటి మనిషి. మెళ్ళో రెండు కళ్ళజోళ్ళు వేలాడుతుంటాయి, ఒకటి దూరానికి, ఒకటి దగ్గరికి. ఎండాకాలంలో కూడా చేతులు మూసే బూడిదరంగు స్వెట్టర్. పెళ్ళి కాలేదు. ఇరవయ్యారో ఏట ఒక సంబంధం దాదాపు కుదిరింది. వరుడి పళ్ళు మరీ తెల్లగా ఉన్నాయి, కట్టుడు పళ్ళేమో కనుక్కోమని మధ్యవర్తిని మూడుసార్లు పంపిస్తే, నాలుగోసారి ఆ మధ్యవర్తే రావడం మానేశాడు. స్టేషను వెనక ఒక గది. తలుపుకి రెండు గొళ్ళాలు.

ఆమె పని తప్పులు పట్టడం. పారదర్శకమైన పలుచని ప్లాస్టిక్ రేకుల మీద, ముందువైపు గీతలు, వెనకవైపు రంగులు. ఒక్కో రేకునీ తెల్ల నూలు గ్లవుజుల చేతుల్లోకి తీసుకుని, కింద దీపం వెలిగే గాజుబల్ల మీద పరిచి, గీత దాటిన రంగూ, వేలిముద్రా, చిక్కుకున్న వెంట్రుకా వెతకాలి. తర్వాత రేకుని దాని వెనక ఉండాల్సిన చిత్రం మీద పెట్టి సరిచూడాలి. తప్పు కనబడితే ఎర్రచీటీ కట్టి వెనక్కి పంపాలి. ఎర్రచీటీ మీద కురాహషి పేరుంటే దర్శకుడు కూడా మారుమాట్లాడడు. కోడిగుడ్డుకి ఈకలు పీకుతుందని వెనక అనుకుంటారు. అనుకుంటారని ఆమెకు తెలుసు. ఎవరెవరు అనుకుంటారో కూడా తెలుసు.

ఈసారి తీస్తున్న బొమ్మల సినిమా ఒక పల్లెటూరిది. వరిపొలాల మధ్య ఇద్దరు పిల్లలు, వాళ్ళ కళ్ళకు తప్ప ఎవరికీ కనబడని నేస్తం ఒకడు. దర్శకుడు టోక్యోలో పుట్టి పెరిగినవాడు, నారుకీ గడ్డికీ తేడా తెలియదు. ఇలాంటివాడికి ఇంత పల్లెటూరు ఎక్కడి నుంచి వచ్చిందని మిత్సుయోకు మొదటి నుంచీ అనుమానమే.

పదిగంటలకు రెండువందల పద్నాలుగో దృశ్యం కట్ట వచ్చింది. పిల్లలిద్దరూ గుడి వసారా అంచున కూర్చుని అన్నపు ముద్దలు తింటూ ఉంటారు. రేకులు పన్నెండు, అన్నీ బావున్నాయి. వాటి వెనక చిత్రం హనావాది. పాత కొయ్య వసారా, నాచు పట్టిన రాతిమెట్టు, మెట్టు మీద పిల్లలు విప్పిన రెండు జతల చెప్పులు. వాటికి కాస్త దూరంగా ఇంకొకటి.

ఒంటి పావుకోడు. పసివాడి కాలికి సరిపోయేంత. పట్టీ ఒకవైపు ఎరుపు, రెండోవైపు నీలం గళ్ళ గుడ్డ.

మిత్సుయో కళ్ళజోడు మార్చుకుని చూసింది. తీసి తుడిచి మళ్ళీ చూసింది.

ఆ నీలం గళ్ళ గుడ్డ తన అమ్మ వంట చేసేటప్పుడు నడుముకి ముందు కట్టుకునేదాంట్లోది. తనే చింపింది.

యుద్ధం చివరి ఏడాది. బాంబుల భయానికి టోక్యో బడిపిల్లల్ని యమగత పల్లెలకు పంపించారు. మిత్సుయో ఊళ్ళో గుడినిండా నగరం పిల్లలే. వాళ్ళలో పన్నెండేళ్ళ సెకినే అనేవాడు చలికి ఎప్పుడూ వణుకుతూ ఉండేవాడు. ఊరి పిల్లలు వాణ్ణి పేరుతో కాక 'వణుకు' అనే పిలిచేవాళ్ళు. పదేళ్ళ మిత్సుయో ఒక్కతే వాడితో ఆడేది. ఒకరోజు పొలాల కాలువ తూము దగ్గర బురదలో ఒంటి పావుకోడు దొరికింది. తెగిన పట్టీకి ఆమె గళ్ళ గుడ్డ కట్టింది. "దీని మనిషికి ఒక్కటే కాలు. తూములో ఉంటాడు. మనకోసం చూస్తున్నాడు," అన్నాడు సెకినే. ఆ రోజు నుంచి వాళ్ళు ముగ్గురు. కాల్చిన చిలగడదుంప మూడు ముక్కలయ్యేది. ఒంటికాలాయన్ని చూద్దామని వంగి ఆమె తూములో పడితే, ఇనుప పలక ఎడమ చీలమండ చీరేసింది. వణుకుతున్న సెకినేనే వీపున వేసుకుని ఇంటికి తెచ్చాడు.

మార్చి మొదట్లో ఆరో తరగతి పిల్లల్ని బడి ముగింపు వేడుకకని తిరిగి టోక్యో తీసుకెళ్ళారు. పావుకోడు సెకినే సంచిలో వేసుకున్నాడు. "ఇది నా దగ్గరుంటే ఆయన ఎక్కడికీ పోలేడు. మళ్ళీ తెచ్చిస్తా," అన్నాడు. వారం తిరక్కుండా ఒక రాత్రిలో వాళ్ళ పేటంతా కాలి బూడిదైంది. ఉత్తరం రాలేదు. ఎదిగి టోక్యో చేరాక మొదటి ఏడాది ప్రతి ఆదివారం ఆ పేటకు పోయి, కొత్తగా కట్టిన ఇళ్ళ గుమ్మాల మీది పేర్లు చదివేది. సెకినే అన్న పేరు ఎక్కడా లేదు. నలభై రెండేళ్ళుగా ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. తన జీవితంలో తనదంటూ దాచుకున్నది అదొక్కటే. ఇప్పుడు దాన్ని ఎవడో తీసుకొచ్చి రాతిమెట్టు మీద పడేశాడు.

దొంగ ఎవరు?

ముందుగా అనుమానం పక్క బల్ల ఇసోబే కికుఎ మీదికి పోయింది. పదిహేనేళ్ళుగా పక్కనే కూర్చునే మనిషి. ఏడాది చివరి విందులో మిత్సుయో రెండు గిన్నెల బియ్యపు సారా తాగింది ఈవిడ పక్కనే. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు.

"కికుఎ, కిందటేటి విందులో నేనేమైనా వాగానా?"

"నువ్వా? నీకు రెండో గిన్నె పడితే గురక తప్ప మాట రాదు తల్లీ. మేమే నీ స్వెట్టర్ మీద వేరుసెనగ తొక్కలు పేర్చి పందెం వేసుకున్నాం."

"నా చిన్నప్పటి సంగతులేమైనా..."

"నీకు చిన్నతనం ఉందా? ఈ కళ్ళజోళ్ళతోనే పుట్టావనుకున్నానే." కికుఎ నవ్వి మళ్ళీ రంగులో మునిగింది. మరీ తేలిగ్గా నవ్వింది. మిత్సుయో దాన్ని మనసులో రాసుకుంది.

రెండో అనుమానం మునకాత మీద. పనులన్నీ సర్దే మేనేజరు, నలభై దాటినవాడు, ఎప్పుడూ చెవిమీద పెన్సిలు. కిందటేడు సినిమాకి పనికొస్తాయని అందర్నీ చిన్ననాటి జ్ఞాపకాలు కాగితం మీద రాసిమ్మన్నాడు. మిత్సుయో ఖాళీ కాగితమే ఇచ్చింది. ఆ కాగితం మీద వేరే కాగితం పెట్టి ముందు ఏమైనా రాసిందేమో, దాని నొక్కులు పడ్డాయేమో? లేదు, రాయలేదు. రాసి చించేసిందా? చించిన ముక్కలు ఎక్కడ పారేసింది?

ఏ దృశ్యంలో ఏముండాలో దర్శకుడు గీసిచ్చిన ప్రణాళిక తెరిచి చూసింది. రెండు జతల చెప్పులే ఉన్నాయి. అంటే కాగితం మీద ఆనవాలు లేకుండా నోటిమాటగా చెప్పి వేయించారు. దొంగతనం చేసేవాడు రాతపూర్వకంగా ఎందుకు చేస్తాడు? వేసిన హనావాను మాత్రం ఆమె లెక్కలోకే తీసుకోలేదు. ఏడాదికి మూడు మాటలు మాట్లాడే మనిషి. చెప్పింది వేస్తాడు. పోయి అడగొచ్చు, కానీ పంతొమ్మిదేళ్ళుగా మాటలు లేవు, ఈ చెప్పు కోసం మొదలుపెడతానా అనుకుంది.

వల వేసింది. ఎర్రచీటీ మీద గుండ్రటి అక్షరాలతో రాసింది: "ప్రణాళికలో లేని వస్తువు. పావుకోడు తీసివేయాలి. కురాహషి." దొంగిలించి తెచ్చుకున్నదాన్ని ఎవడూ ఊరికే వదులుకోడు. 'అది ఉండాలి' అని ఎవరు పరుగెత్తుకొస్తారో వాడే. చిత్రానికి చీటీ కట్టి నడవలోని పళ్ళెంలో పెట్టింది.

భోజనం వేళ బల్ల దగ్గరే డబ్బా విప్పుకుంది. చల్లబడ్డ అన్నం, ఉప్పులో ఊరిన రేగుపండు, నిన్నటి గుడ్డట్టు ముక్క. తింటున్నంతసేపూ చెవులు నడవలోనే. దర్శకుడు రాలేదు. మునకాత రాలేదు. కికుఎ రెండుసార్లు తలుపు దాకా పోయింది, కాని అది టీ కోసమని తేలింది.

వచ్చింది హనావా ఒక్కడే. గాజు గోడకి అవతల, నడవలో పళ్ళెం దగ్గర ఆగి చీటీ తీశాడు. ఈ మధ్య బాగా చిక్కాడు, చొక్కా మెడ వదులైపోయింది. చీటీలో పది మాటలైనా లేవు, పుస్తకం చదివినంతసేపు చదివాడు. దగ్గు వస్తే గోడ పట్టుకున్నాడు. తర్వాత తల ఎత్తి, గాజులోంచి నేరుగా మిత్సుయోకేసి చూశాడు. ఏదో అనబోతున్నట్టు పెదాలు కదిలాయి.

ఇన్నేళ్ళకి మళ్ళీ మొదలుపెట్టాడు, అనుకుని మిత్సుయో టక్కున ముఖం తిప్పుకుని ఖాళీ రేకు ఒకటి దీపానికి అడ్డంపెట్టింది. మళ్ళీ చూసేసరికి అతను నడుం వంచి నమస్కారం పెట్టి ఉన్నాడు, కొంచెం ఎక్కువసేపే. తర్వాత చిత్రం తీసుకుని వెళ్ళిపోయాడు.

మూడింటికి చిత్రం తిరిగొచ్చింది. పావుకోడు లేదు. దాని చోట రాయి, రాయి మీద నాచు, ఎక్కడా అతుకు తెలియకుండా. చీటీ కింద చిన్న అక్షరాల్లో ఒకే మాట: "సరిచేశాను."

వలలో ఎవరూ పడలేదు. ఇంత సులువుగా ఎలా వదిలేశారు? మిత్సుయో చిత్రాన్ని గాజుబల్ల మీద పెట్టి కింద దీపం పెంచింది. దళసరి కాగితంలోంచి, కొత్త రంగు అడుగున, పావుకోటి నీడ లీలగా కనబడింది. పట్టీ ముడి కూడా. ఆ ముడిని చూస్తూ ఉండిపోయింది. అది ఆమె ముడి. ఎడమచేతి వాటం పిల్ల వేసే తలకిందుల ముడి. పట్టీ సంగతి ఎవరైనా ఎవరికైనా చెప్పగలరు. ఆ ముడిని చూసినవాడే వేయగలడు.

కెమెరావాళ్ళు వచ్చి చిత్రం అడిగారు. ఆమె బల్ల మీంచి చేతులు తీసేసింది. తీసుకుపోయారు.

మునకాత గదిలోకి తలుపు కొట్టకుండా వెళ్ళింది, జీవితంలో మొదటిసారి.

"ఆ చెప్పు వెయ్యమని హనావాకి చెప్పిందెవరు?"

"ఎవరూ చెప్పలేదు కురాహషి గారూ. తనే అడిగాడు. ఈ ఒక్క దాంట్లో ఉండనివ్వమన్నాడు. ఇరవై ఏళ్ళలో ఆయన నోరు తెరిచి ఏదైనా అడగడం అదే మొదలు, దర్శకుడు సరేనన్నాడు. మీ చీటీ చూశాక మళ్ళీ ఆయనే వచ్చి, 'ఆమెకి ఇష్టం లేదు, తీసేస్తాను' అన్నాడు."

"ఎక్కడున్నాడు?"

"వెళ్ళిపోయాడుగా. ఇవాళే ఆఖరు రోజు. ఊపిరితిత్తులు... ఆకులు రాలేదాకా ఉంటే గొప్పంటున్నారు డాక్టర్లు. వీడ్కోళ్ళూ అవీ వద్దన్నాడు. ఉత్తరాన మేనత్త కూతురుందట, ఇవాళ్టి రైలుకే. చిరునామా అడిగితే అక్కర్లేదని చెయ్యి ఊపాడు." మునకాత చెవిమీది పెన్సిలు తీసి బల్ల మీద పెట్టాడు. "పాపం, ఆ మేనత్త వాళ్ళే పెంచారట. ఇంట్లోవాళ్ళంతా ఆ మార్చి మంటల్లో పోయారు. హనావా అనేది వాళ్ళ ఇంటిపేరే. మొన్న కాగితాల్లో చూశాను, పుట్టిన పేరు సెకినే."

మిత్సుయో మెట్లు దిగింది. అరలకేసి చూడలేదు, బూట్ల కోసం ఆగలేదు. లోపలి చెప్పులతోనే గుమ్మం దాటి వానలోకి పరుగెత్తింది. పాలవాడు సైకిలాపి ఆమె కాళ్ళకేసి నోరు తెరిచి చూశాడు. చూడనీ అనుకుంది. బస్టాపు దగ్గర ఎవరూ లేరు. దూరంగా మలుపు తిరుగుతున్న బస్సు వెనక దీపాలు మాత్రం కనబడ్డాయి.

"వణుకూ," అని పిలిచింది. గట్టిగానే పిలిచింది. వాన చప్పుడులో అది ఆమెకే సరిగ్గా వినబడలేదు.

ఆనాడు వాడు చూస్తున్నది కాలిని కాదు, తూము పలక చేసిన మచ్చని. వాడు తెచ్చిస్తానన్నది తెచ్చాడు. పంతొమ్మిదేళ్ళపాటు రోజూ తెచ్చాడు. తనే ఒకసారి నలుగురిలో నవ్వులపాలు చేసింది, ఇంకోసారి ఎర్రచీటీ కట్టి పంపింది. ఊరందర్నీ దొంగలనుకుంది. తన దగ్గరికి వచ్చినవాణ్ణి తనే తరిమింది. మిత్సుయో బస్టాపు కమ్మీ పట్టుకుని, చిన్నపిల్లలా పైకే ఏడ్చింది.

అయిదు దాటాక తిరిగొచ్చింది. ముద్దయిన లోపలి చెప్పులు గుమ్మం బయటే విప్పేసి, వట్టికాళ్ళతో తన అర ముందు కూర్చుంది. వాన బూట్లు పొద్దున పెట్టిన చోటే ఉన్నాయి. వాటి పక్కన, నిన్న ఎవరో చెప్పులు జరిపి కొలిచి చూసుకున్న జానెడు ఖాళీలో, పసివాడి పావుకోడు ఒకటుంది. ఎరుపు వెలిసి ఇటుకరంగు తేలిన పట్టీ, నీలం గళ్ళ గుడ్డ, తలకిందుల ముడి, బయటికి వెళ్ళబోయే మనిషికి పెట్టినట్టు ముందు భాగం గుమ్మం వైపు తిప్పి.