ఇస్త్రీ చేసిన ఒంటి మీద నీళ్లు

నాకు అన్నిటికన్నా పెద్ద భయం, ఎండకు పడిపోయిన మనిషిని నిద్రపోతోందనుకుని వదిలేస్తానేమోనని. మెక్సికోలోని మా ఎడారి ఊరు మెహికాలీలో జులై వచ్చిందంటే నా ఏడాది కొడుకు ఇకెర్‌ని పడుకోబెట్టి నేను మాత్రం పడుకోను. వాడి ఊపిరి చూస్తూ కూర్చుంటాను.

ఆ మధ్యాహ్నం వాణ్ని చంకనేసుకుని, మా ఆయన ఫ్యాక్టరీ చొక్కాల కోసం పక్కింట్లో ఒంటరిగా ఉండే పెద్దావిడ డోన్యా ఎవుస్తోలియా దగ్గరికి వెళ్లాను. వీధిలో అందరి బట్టలూ ఇస్త్రీ చేసేది ఆవిడే. కూలర్ తిరుగుతోంది. గాలిలో తేమ పెరిగిపోయి, అది చల్లగాలి మానేసి ఆవిరి కక్కుతోంది. ఆవిడ బల్ల పక్కన కుర్చీలో తల వాల్చేసి ఉంది.

"డోన్యా, చొక్కాలయ్యాయా?"

"రేపు రావే లూపే. కాస్త కునుకు తియ్యనీ."

లూపే ఆవిడ చెల్లెలు. ఎప్పుడో పోయింది. నుదురు ముట్టుకున్నాను. కాలిపోతోంది, చెమట చుక్క లేదు.

పిల్లాడి టీకాల రోజు నర్సు చెప్పింది: ఎండలకు మనిషి మాట తేడాగా వస్తే అంబులెన్సుకు ఫోన్ చేసి, అది వచ్చేలోపు ఒళ్లు తడపమని. ఫోన్ చేశాను. బకెట్ నింపేసరికి మా అత్తగారు చాయో వచ్చి అడ్డం నిలబడింది.

"మతి పోయిందా నీకు? పొద్దుట్నుంచీ ఇస్త్రీ చేసి వేడెక్కిన ఒళ్లది. నీళ్లు పడ్డాయంటే చేతులు వంకర పోతాయి."

మా అమ్మ కూడా ఇదే చెప్పేది. ఇస్త్రీ చేసిన రోజు నేను గిన్నెలు కూడా తోమను. ఆవిడకు ఆ చేతులే తిండి. బకెట్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఇంతలో డోన్యా ఎవరూ లేని మూలకు తిరిగి, లూపేని కాఫీ పెట్టమంది.

"అత్తయ్యా, వీణ్ని పట్టుకోండి."

"నీ పాపంలో నాకు వాటా వద్దు."

"పాపం నాదే లెండి. పిల్లాణ్ని పట్టుకోండి."

పోశాను. తల మీద, మెడ మీద, ఆ చేతుల మీద. "చంపేశావు కదే నన్ను," అంది డోన్యా. అత్తగారు గొణుగుతూనే పిల్లాణ్ని ఎత్తుకుని, రెండో చేత్తో అట్టముక్క తీసుకుని ఆవిడకు విసిరింది. అంబులెన్సు వచ్చేదాకా నేను పోస్తూనే ఉన్నాను.

బతికింది. ఆసుపత్రి నుంచి వచ్చాక వేళ్లు సలుపుతున్నాయని రోజూ నన్నే ఆడిపోసుకుంటోంది.

"అంతా నీ బకెట్ చలవే, పిల్లా."

నేను వాదించను. సగంలో చదువు మానేసినదాన్ని, వాదించే ఓపిక కూడా లేదు. ఈ వేసవి ఇంకా చాలా ఉంది.

మీ పక్కనా ఒంటరిగా ఉండే మనిషి ఎవరో ఒకరు ఉంటారు. ఈ ఎండల్లో ఒకసారి వెళ్లి తలుపు తట్టండి. తిన్నగా బదులు చెప్పేదాకా అక్కడే ఉండండి.