ముగ్గురికీ కుడికన్నే

మా మామగారు నన్ను పంతొమ్మిదేళ్ళుగా ‘బ్యాటరీలు మార్చే అల్లుడు’ అంటున్నారు. నా ఎదురుగా కాదు. ఎదురుగా అయితే ‘అల్లుడుగారూ, మీరూ’ అంటూ ఎక్కడలేని మర్యాద. ఆ మర్యాద వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. ఆయన లెక్కల మేష్టారుగా చేరి హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. జన్మంతా పేపర్లు దిద్దిన మనిషి కదా, ఎవర్ని చూసినా ముందు మార్కులు వేస్తారు. నాకు పెళ్ళినాడు ఎన్ని వేశారో ఇవాళ్టికీ అన్నే. పైగా ఆయన కొడుకు, అంటే మా బావమరిది, కాలేజీ చదువు సగంలో మానేసి నా గడియారాల కొట్లో పని నేర్చుకోవడానికి వచ్చి కూర్చున్నాడు. ఆ పాపం కూడా నా నెత్తినే పడింది. మామగారి చేతిగడియారం మొరాయిస్తే ఆయన మా కొట్టు ముందునుంచే తల తిప్పకుండా నడిచివెళ్ళి, వీధి చివర ఇంకో కొట్లో ఇచ్చి వస్తారు.

అలాంటిది, పన్నెండేళ్ళుగా ఆగిపోయిన మా ఊరి గడియారస్తంభాన్ని బాగుచెయ్యమని మునిసిపాలిటీవాళ్ళు నన్ను పిలిచారు. ఎనిమిది నెలలు పట్టింది. ఆదివారం పొద్దున్న పదిగంటలకి అందరి ముందూ దాన్ని నడిపించాలని నిర్ణయించారు. ఏర్పాటు ఇదీ: బావమరిది పైన ఉండి, రెండు నిమిషాల ముందు లోలకాన్ని కదుపుతాడు. సరిగ్గా పదికి గంటలు మోగుతాయి. నేను కింద వేదిక మీద మేయరు పక్క కుర్చీలో కూర్చుని మైకులో నాలుగు మాటలు చెబుతాను. మామగారికి మొదటి వరసలో, నన్ను తప్ప ఇంకేదీ చూడడానికి వీల్లేని చోట కుర్చీ వేయించాను. ఆ కుర్చీ కోసం మునిసిపాలిటీ గుమాస్తాని ఎంత కాకాపట్టానో నాకే తెలుసు. ఊరు నన్ను చూసినా చూడకపోయినా ఫరవాలేదు. ఆ ఒక్క మనిషి చూడాలి.

బుధవారం పొద్దున్న లేచేసరికి కుడికంట్లో ఇసక పడ్డట్టు గరగరలాడింది. ముందురోజు ఆకురాయి పట్టాను కాబట్టి ఇత్తడి పొడి పడి ఉంటుందనుకున్నాను. అలా అనుకుంటేనే నాకు వీలుగా ఉంది మరి. ఎందుకంటే ఒక్క ముక్క మిగిలి ఉంది: గంట కొట్టే సుత్తిని వేళకి వదిలే చిన్న ఇత్తడి మీట. గోరంత ఉంటుంది. మా ఆవిడ ఆస్పత్రిలో నర్సు, అప్పటికే డ్యూటీకి వెళ్ళిపోయింది. బావమరిది స్తంభం దగ్గర ఉన్నాడు. రెండు గంటల పనే కదా అని కొట్టుకి వెళ్ళాను. మేం ఐగ్లాసు అని పిలిచే చిన్న భూతద్దాన్ని కుడికంట్లో ఇరికించుకుని మీట అంచులన్నీ నున్నగా తోమాను. ఐగ్లాసునీ మీటనీ బల్ల మీదే వదిలేసి ఇంటికొచ్చాను. అప్పటికి కన్ను చింతనిప్పులా ఉంది.

సాయంత్రం మా ఆవిడ నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

“కళ్ళకలక,” అంది.

“దుమ్ము పడిందే.”

“దుమ్ము పడితే పుసి కట్టదండీ. ఇవాళ ఎక్కడికైనా వెళ్ళారా?”

“ఎక్కడికీ లేదు,” అన్నాను. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందంటే నాకే ముచ్చటేసింది.

ఆ క్షణం నుంచి నాకో గది, నాకో తువ్వాలు, నాకో సబ్బు. నేను ముట్టుకున్న ప్రతి గొళ్ళాన్నీ ఆవిడ నా వెనకాలే తుడుచుకుంటూ వచ్చేది. కంట్లో చుక్కల మందు వేస్తూ తీర్పు కూడా చెప్పేసింది: వారం రోజులపాటు నేను జనంలోకి వెళ్ళడానికి వీల్లేదు.

“మరి ఆదివారం?”

“ఆదివారం వారంలో లేదా?”

గురువారమంతా చెవిలో జోరీగలా ఆవిడ వెంటపడ్డాను. ఇదేమైనా పెద్ద జబ్బా? జ్వరమా? మనిషి మంచాన పడతాడా? నల్లద్దాలు పెట్టుకుంటే ఎవరికి తెలుస్తుంది?

“నల్లద్దాలు మీ కన్నుని దాస్తాయి. మరి చేతుల్నేం చేస్తారు?” అంది. “మేయరు చెయ్యి కలుపుతాడు. మైకు మీ తరవాత ఇంకో పదిమంది పట్టుకుంటారు. వాళ్ళు ఇంటికెళ్ళి పిల్లల్ని ఎత్తుకుంటారు. బుధవారానికల్లా అందరూ మా ఆస్పత్రి ముందు వరసకడతారు. వాళ్ళందరి కళ్ళల్లో చుక్కలు వెయ్యాల్సింది నేను, మీరు కాదు.”

“వచ్చి పోయేదే కదే.”

“మీరు ఇంట్లో కూర్చుంటే వాళ్ళకి రాకుండానే పోతుంది.”

ఆవిడతో వాదించి నేను గెలిచిన దాఖలా మా ఇంట్లో లేదు. శుక్రవారానికి ఏర్పాటు మారిపోయింది. వేదిక మీద నా కుర్చీలో బావమరిది కూర్చుంటాడు. పైన లోలకాన్ని మునిసిపాలిటీ ఎలక్ట్రీషియను కదుపుతాడు. ఎలా కదపాలో ఆదివారం పొద్దున్న బావమరిదే అతనికి నేర్పిస్తాడు. మామగారు మొదటి వరసలో కూర్చుని కొడుకుని చూసుకుంటారు. బావమరిది బంగారంలాంటివాడు, వాడి మీద నాకు కోపం లేదు. కానీ ఏడుపొచ్చింది. నలభై ఆరేళ్ళవాణ్ణి, గది తలుపేసుకుని నిజంగానే ఏడిచాను. అప్పుడే వేసుకున్న మందు కాస్తా కొట్టుకుపోయి, ఆవిడ చేత మళ్ళీ చుక్కలు వేయించుకోవలసి వచ్చింది.

శనివారం సాయంత్రం బావమరిది ఫోన్ చేశాడు.

“బావా, నా కన్ను గరగరలాడుతోంది. ఎర్రగా కూడా ఉంది.”

మా ఆవిడ స్పీకరులో వింటోంది. “ఏ కన్నురా?” అని అడిగింది.

“కుడిది అక్కా.”

పావుగంటకి, అవతలి వీధిలో ఉండే అత్తగారు ఫోన్ చేశారు. పొద్దుటి నుంచీ మామగారి కన్ను ఎర్రగా ఉందట, నీళ్ళు కారుతున్నాయట.

“ఏ కన్నమ్మా?”

కుడిదే.

మా ఆవిడ ఫోన్ పెట్టేసి నావైపు తిరిగింది. “మీరు ఇల్లు కదల్లేదు. వాళ్ళు ఈ ఇంటికి రాలేదు. మరి ముగ్గురికీ కుడికన్నే ఎలా ఎర్రబడిందండీ?”

బల్ల మీద వదిలేసిన ఐగ్లాసు గుర్తొచ్చింది. మేమిద్దరం దాన్ని కుడికంటికే పెట్టుకుంటాం. బావమరిది తన ఐగ్లాసు ఎక్కడ పెట్టాడో ఏనాడూ గుర్తుంచుకోడు, చేతికందింది కదా అని నాది పెట్టుకుంటాడు. అంతవరకూ అర్థమైంది. మామగారి సంగతే అంతుపట్టలేదు. ఆయన మా కొట్టు గడప తొక్కితే కదా. తేలు కుట్టిన దొంగలా చుక్కల మందు సీసా వెతుక్కోవడం మొదలుపెట్టాను.

ఆవిడ నన్ను అట్టే నిలదీయలేదు. అంతకన్నా పెద్ద చిక్కు వచ్చిపడింది. ఎలక్ట్రీషియనుకి నేర్పించేవాడే ఇప్పుడు లేడు. ఆ లోలకాన్ని బలంగా తోస్తే చట్రానికి తగులుకుంటుంది, మెల్లగా తోస్తే ఆగిపోతుంది. ఫోనులో చెబితే వచ్చే పని కాదు. ఊరంతా వచ్చి నిలబడ్డాక గడియారం కదలకపోతే, మామగారన్న మాటే నిజమైపోతుంది.

“స్తంభం పైగదిలో ఎవరుంటారు?” ఉన్నట్టుండి అడిగింది.

“పావురాలుంటాయి.”

“వాటికి రాదు.” కాసేపు అటూ ఇటూ తిరిగింది. “ఏడింటికే, జనం రాకముందే ఎక్కెయ్యండి, మీరూ తమ్ముడూ. జనమంతా వెళ్ళిపోయాక దిగండి. పైకి ఎవర్నీ రానివ్వద్దు. దిగేటప్పుడు మెట్ల కమ్మీ, తలుపూ స్పిరిట్‌తో తుడవాలి. ఒప్పుకుంటే వెళ్ళండి, లేకపోతే లేదు.”

ఎగిరి గంతేశాను. ఆవిడ తమ్ముడికీ, అమ్మకీ ఫోన్ చేసి ఏర్పాటు చెప్పేసింది. అంతలో మళ్ళీ ఫోను. ఈసారి మామగారే. “మొదటి వరసలో కూర్చోవద్దన్నావు, సరే. ఇంట్లో కూర్చోమంటే మాత్రం నావల్ల కాదమ్మా. నేనూ పైకే వెళతాను.”

“వెళ్ళండి నాన్నా. అంటుకున్నవాళ్ళు ముగ్గురూ ఒకచోట ఉంటే కొత్తగా అంటుకునేదేం లేదు,” అందావిడ. నా గంతు మధ్యలోనే ఆగిపోయింది.

ఆదివారం ఏడింటికి ముగ్గురం నూట పన్నెండు మెట్లు ఎక్కాం. మామగారికి డెబ్భై రెండేళ్ళు. ప్రతి మలుపు దగ్గరా ఆగి ఆయాసం తీర్చుకున్నారు. ఆగిన ప్రతిచోటా తిట్లు.

“ఎవడో బుద్ధిలేనివాడు ఎర్రకళ్ళేసుకుని ఊరంతా తిరిగి ఉంటాడు. అలాంటివాణ్ణి బెంచీ ఎక్కించాలి.”

“అవునవును,” అన్నాను.

తరవాతి మలుపు దగ్గర: “రెండు గంటల పనే కదా, వెళ్ళొస్తే ఏమవుతుందిలే అనుకుంటాడు. వాడికి రెండు గంటలు. మిగతావాళ్ళకి వారం.”

సరిగ్గా ఆ రెండు గంటల మాటే ఆయన నోట రావాలా. నాకు ఆ తరవాతి మెట్లు ఎలా ఎక్కానో గుర్తులేదు.

పైగది చిన్నది. మధ్యలో ఇనప చట్రం, అందులో నేను తోమిన ఇత్తడి చక్రాలు. ఒక గోడంతా గడియారం వెనకభాగమే, తెల్లటి గాజు, దాని మీద అద్దంలో చూసినట్టు కుడిఎడమలు తారుమారై కనిపించే అంకెలు. అంకె ఆరు కింద చెయ్యి పట్టేంత చిన్న కిటికీ తలుపు ఉంటుంది, ముళ్ళకి నూనె వెయ్యడానికి. మామగారిని ఉన్న ఒక్క స్టూలు మీద కూర్చోబెట్టాను. ఇక ఆగలేకపోయాను.

“మామయ్యగారూ, ఆ బుద్ధిలేనివాణ్ణి నేనే. బుధవారం కొట్టుకి వెళ్ళాను. మీ అమ్మాయికి కూడా అబద్ధం చెప్పాను. నా ఐగ్లాసు నుంచే వీడికి అంటుకుంది. మీకెలా వచ్చిందో మాత్రం నాకు అర్థం కావడం లేదు.”

బావమరిది కిసుక్కుమన్నాడు. బెంచీ ఎక్కమంటారని నేను ఎదురుచూస్తున్నాను. కానీ మామగారు నేల చూపులు చూస్తున్నారు.

“గురువారం మీరు రావడం లేదని తెలిసి కొట్టుకి వచ్చాను,” అన్నారు చివరికి. “వీడు టీ తాగడానికి వెళ్ళాడు. మీ స్టూలు మీద కూర్చున్నాను. బల్ల మీద గోరంత ఇత్తడి ముక్క కనిపించింది. దానికోసం అంతసేపు ఏం చేస్తారో చూద్దామని ఆ అద్దం కంటికి పెట్టుకున్నాను.”

“చూశారా?”

“చూశాను. ఎక్కడా ఒక్క గీత లేదు. ఎలా తోమారు?”

పంతొమ్మిదేళ్ళలో ఆయన నా పని గురించి అడిగిన మొదటి ప్రశ్న అది. చెప్పడం మొదలుపెట్టాను. ఆకురాయి ఎలా పట్టాలో చెప్పాను, బావమరిది కొట్టునుంచి తెచ్చిన మీటని సుత్తి దగ్గర బిగించి చూపించాను, ఏ చక్రానికి ఎన్ని పళ్ళో చెప్పాను. ఆయన మధ్యలో ఆపి లెక్క కట్టి, సరిపోయిందని తల ఊపారు. కింద కుర్చీలు వేస్తున్న చప్పుడు, తరవాత జనం, తరవాత మైకు. మేం పట్టించుకోలేదు. బావమరిది “బావా, టైమైంది,” అనకపోతే ఇంకా చెబుతూనే ఉండేవాణ్ణి.

“మీరు కదుపుతారా మామయ్యగారూ?” అన్నాను.

“నాకు చేతకాని పని. మీరు చెయ్యండి,” అన్నారాయన, స్టూలు దగ్గరికి లాక్కుని. “నేను చూస్తాను.”

తొమ్మిది యాభై ఎనిమిదికి ఎడమవైపు నుంచి రెండు వేళ్ళతో లోలకాన్ని తోశాను. ఒకసారి ఊగింది, రెండోసారి ఊగింది, చక్రం ఒక పన్ను కదిలింది. రెండు నిమిషాలు ముగ్గురం మీట వైపే చూస్తూ ఉన్నాం. మీట లేచింది. సుత్తి పడింది. గది మొత్తం అదిరి, పావురాలన్నీ ఒక్కసారిగా లేచాయి. పది గంటలూ ఆయన వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టారు. పదోది మోగాక పదకొండోది మోగుతుందేమోనని కాసేపు ఆగి, అప్పుడు చెయ్యి దించారు.

కింద చప్పట్లు. మైకులో మేయరు గొంతు: “ఈ గడియారానికి ప్రాణం పోసిన మనిషి పైనే ఉన్నారట. ఒక్కసారి కిందికి వచ్చి మనందరికీ కనిపించాలి.” చప్పట్లు ఆగలేదు.

“వెళ్ళండి అల్లుడుగారూ,” అన్నారు మామగారు. ఆయన జేబులోంచి నల్లద్దాలు తీశారు. “ఒక్క నిమిషమే కదా. ఎవరూ చూడరు.”

నిజం చెబుతున్నాను, చెయ్యి చాపాను. ఎనిమిది నెలలుగా నేను కలలు కన్నది ఆ చప్పట్లే. కానీ అద్దాలు పట్టుకున్న ఆ మనిషి కుడికన్ను నా వల్లే ఎర్రగా వాచి ఉంది.

“వద్దు మామయ్యగారూ. రెండు గంటలే కదా అనుకున్నందుకే మీరు ఇన్ని మెట్లెక్కారు. ఒక్క నిమిషమంటే ఇంకెంతమందిని ఎక్కించాలో.”

ఆయన అద్దాలు మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. నేను ఆరు కింద చిన్న తలుపు తెరిచి, చెయ్యి బయటికి పెట్టి ఊపాను. గడియారంలోంచి చెయ్యి వచ్చేసరికి కింద నవ్వులే నవ్వులు, ఈలలు. నా వెనకాల బావమరిది తోసుకుంటూ వచ్చి వాడి చెయ్యీ పెట్టాడు. జనంలో మా ఆవిడ ఎక్కడుందో కనిపించలేదు గానీ, ఆ చెయ్యి ఏమేం ముట్టుకుంటోందో లెక్కపెడుతూనే ఉంటుంది.

తలుపు మూసి ఇటు తిరిగేసరికి మామగారు మణికట్టు దగ్గర ఏదో విప్పుతున్నారు. ఆయన చేతిగడియారం.

“రోజుకి నాలుగు నిమిషాలు వెనకబడుతోంది,” అన్నారు. “వీధి చివర అతను మూడుసార్లు విప్పాడు. అతనికి అంతుపట్టడం లేదు. మీరు చూస్తారా?”

చెయ్యి ముందుకు చాపాను. “బావా, ముందు చేతులు,” అని బావమరిది స్పిరిట్ సీసా అందించాడు. ముగ్గురం వరసగా తుడుచుకున్నాం. గడియారాన్ని కూడా తుడిచి, శుభ్రమైన రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాను.

“మీ అమ్మాయి నన్ను కొట్టుకి వెళ్ళనిచ్చాకే మొదలుపెట్టాలి మామయ్యగారూ. గురువారం దాకా ఆగాలి.”

“తొందరేం లేదు,” అన్నారాయన, తెల్లటి గాజు వెనక మెల్లగా కదులుతున్న పెద్దముల్లు వైపు చూస్తూ. “అందాకా టైము దీన్నే చూసుకుంటాను.”