నీళ్ళు తాకని మెట్టు

ఫకీ కొంబో పైనుంచి ఐదో మెట్టు మీద తోలుచెప్పులు విడిచి, వట్టికాళ్ళతో కిందికి దిగాడు. నీళ్ళలో పాతిన కొలబద్ద మీద ఎత్తు చూసి పుస్తకంలో రాశాడు. పక్కన గంట గడిలో ఒకటి వేశాడు. మా మొంబాసాలో పొద్దు పొడిచి గంటయితే ఒంటిగంటే. గడియారం ఏడు చూపిస్తే చూపించనీ, దాని గోల దానిది.

గట్టు మీద టీ అమ్మే రిజికి నవ్వింది. "వారం కింద తొమ్మిదో మెట్టున ఉండేవిగా నీ చెప్పులు? ఇవాళ ఇంత పైకెక్కాయేం పెద్దాయనా?"

"నిన్ననేగా పున్నమి. నీళ్ళు పైకొస్తాయి."

"నీకంటే నీ చెప్పులకే తెలివెక్కువ!"

చాలా రోజుల్లో ఆయనతో ఎవరైనా మాట్లాడేది ఆ నాలుగు ముక్కలే. ముప్పై రెండేళ్ళు బల్లకట్టు తాళ్ళు లాగి అరచేతులు కాయలు కాశాయి. భార్య పోయి ఏడేళ్ళు, పిల్లల్లేరు. కోట వెనక గదిలో తన దగ్గు తనకే వినపడుతుంది. ఈ జలసంధి మీద తీగల వంతెన కడతామని వచ్చినవాళ్ళు నీటిమట్టం రాసే పని ఇచ్చారు. పాతపట్నం పడవల తెరచాప కొయ్యలు తగలకుండా వంతెన ఎంత ఎత్తుండాలో తన అంకెలే తేలుస్తాయని ఆయన గర్వం. పంతొమ్మిది నెలల్లో ఒక్క పూట మానలేదు, పిచ్చి మనిషి.

ఆరు గంటలకు, ఎండ నడినెత్తికొచ్చాక, ఇంజనీరు చెరోనో వచ్చింది. ఎగువ కొండల పిల్ల.

"తాతా, వంతెన నక్ష గీసే పరదేశపు ఆఫీసువాళ్ళు మీ పుస్తకం పక్కన పడేయమన్నారు. మీరు పోటు అని రాసినప్పుడల్లా నిజానికి నీళ్ళు తీసే పాటు ఉందట. ఇంట్లో కూర్చుని రాశాడంటున్నారు."

ఆయన ముఖం నల్లబడింది. "నన్ను దొంగంటున్నారా తల్లీ? పదకొండింటికి రా. నిండు పోటు. నీళ్ళు నా చెప్పుల కిందిదాకా వచ్చి ఆగుతాయి. నీ కళ్ళతో చూద్దువుగాని."

"అంటే పొద్దు వాలే వేళకి..." అంటూనే ఆగి, సూర్యుడి వైపు చూసింది. "తాతా, పుస్తకంలో కూడా మన గంటలేనా?"

"మరెవరి గంటలు రాయమంటావు?"

"చచ్చాం! నోటితో నేనూ అలాగే చెబుతాను. కాగితం మీద అంకె చూసేసరికి వాళ్ళ గడియారంగానే చదివి పంపేశాను. ఆరు గంటలు జరిగితే పోటు కాస్తా పాటు అయిపోదూ!"

"ఇప్పుడైనా నమ్ముతారా?"

"నమ్మిస్తాను. పదకొండింటికి వచ్చి చెబుతా, ఇక్కడే ఉండండి."

"ఎక్కడికి పోతానమ్మా."

పొద్దు వాలుతుండగా ఆమె పరుగున వచ్చింది. "తాతా, ఒప్పుకున్నారు! మీ అంకెలే వాడతారు, అన్నీ!"

ఆయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చూపు నీళ్ళ మీదే ఉంది. ఒళ్ళో పుస్తకంలో పదకొండు అని ముందే వేసి ఉంది, ఎత్తు గడి ఖాళీ. రిజికి వచ్చి చేయి పట్టుకుని చూసింది, చల్లగా ఉంది. "అయ్యో, నీళ్ళు చూస్తున్నాడనుకున్నానే! పోసిన టీ అలాగే ఉంది," అని బావురుమంది.

చెరోనో కళ్ళు తుడుచుకుని కొలబద్ద చూసింది. ఆయన పెన్సిలుతోనే ఆ గడి నింపింది. నీళ్ళు ఆరో మెట్టు ముంచి, పై మెట్టుకు వేలెడు దూరంలో ఆగి, వెనక్కి మళ్ళాయి. ఐదో మెట్టు మీద తోలుచెప్పులు పొడిగానే ఉన్నాయి.