ముందు సీటు

బియ్యం కడగాలి. అత్తయ్యకు షుగర్ మాత్ర ఇవ్వాలి. పాప యూనిఫాం ఉతకాలి. డాబా మీద ఎండబోసిన మిరపకాయలు తిరగెయ్యాలి. సత్తెనపల్లి చైతన్యకృష్ణ కారుకు నల్లపొగ ఆపాలి.

మా ఆయన వాసిం నోరు తెరిచి నాకు చెప్పింది ఆ చివరి పనొక్కటే. మిగతావి చెప్పకుండానే నావి. గుంటూరులో ఆయనకు కార్ల షెడ్డుంది. కారు జోరు పెంచడానికి, ఇంజన్లోకి ఎక్కువ గాలి తోసే పెద్ద టర్బో బిగించడం ఆయన పని. దానికి తగ్గట్టు ఇంజన్ కంప్యూటర్‌లో డీజిల్ లెక్కలు మార్చడం నా పని. మా పుట్టింట్లో ఇంజనీరింగ్ చదివిన మొదటిదాన్ని నేను. ఆ చదువు ఇప్పుడు పొయ్యి పక్క గట్టు మీద, లాప్‌టాప్‌లో ఉంటుంది. ఆయన బండి నడిపి, రికార్డయిన ఫైలు తెస్తారు. నేను సరిచేసి ఇస్తాను. వెనకద్దానికి ‘వాసిం ట్యూనింగ్’ అని స్టిక్కరు పడుతుంది. నేను ట్యూన్ చేసిన ఏ కారులోనూ ఇంతవరకు కూర్చోలేదు.

చైతన్యకృష్ణ కారుకు లెక్కలు ఎన్నిసార్లు మార్చినా పొగ ఆగలేదు. ఫైలు చూస్తే ఇంజన్లోకి పోయే గాలి మరీ వేడిగా ఉంది. వేడిగాలి పల్చన, దాంతో డీజిల్ సరిగా మండక పొగొస్తుంది.

“నీ దగ్గరే ఏదో తప్పుంది. అతను బండిని హైదరాబాద్ తీసుకుపోతానంటున్నాడు. పరువు పోద్ది” అన్నారాయన పొద్దున.

“ఒకసారి బండి చూడాలండీ.”

“షెడ్డుకి ఆడోళ్ళొస్తే కస్టమర్లేమనుకుంటారు?”

లోపల్నుంచి అత్తయ్య అందుకున్నారు. “నొక్కడమేగా అమ్మాయ్, ఇంట్లో కూర్చుని నొక్కరాదూ!”

నాకు కోపం రాలేదు. కోపానిక్కూడా కాస్త ఓపిక కావాలి. కడిగిందే కడుగుతూ, చేసిందే చేస్తూ, చేశావని ఎవరూ అనకపోతే, కొన్నాళ్ళకు చేసింది నేనేనా అని నాకే అనుమానం వస్తుంది. ఈసారి తప్పు కూడా నాదేనేమో అని నిజంగానే అనుకున్నాను. అలా అనుకున్నందుకే భయమేసింది. అన్నం వార్చి, లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కాను.

“అన్నా, వదినగారు క్యారేజీ తెచ్చారు!” అని నవ్వాడు షెడ్డులో ఉన్న చైతన్యకృష్ణ.

మా ఆయన నా సంచి వైపు చూశారు. నేను వంగి ముందు బంపర్ సందులోంచి చూశాను. గాలిని చల్లబరిచే జాలీ నిండా పత్తి పీచు, పరుపులో కూరినట్టు.

“బండి ఎక్కడ పెడతారు?”

“మా పత్తి జిన్నింగ్ మిల్లులోనండి, ఎండ తగలకుండా. పైన రోజూ తుడిపిస్తానండీ!”

ఆయన పైపుతో గాలి కొట్టి పీచంతా ఊదేశారు. “నువ్వు సూపరన్నా!” అన్నాడు చైతన్యకృష్ణ, నేను పక్కనుండగానే. ఆయన కాదనలేదు. మళ్ళీ బండి నడిపి రికార్డు చెయ్యడానికి లాప్‌టాప్ కోసం నా వైపు చెయ్యి చాపారు.

ఇవ్వలేదు. ముందు తలుపు తీసి కూర్చుని, ఒళ్ళో తెరిచాను.

“బండి తియ్యండి. పొగ సంగతి నేను చూస్తాను.”

అమరావతి రోడ్డు మీద ఒక తెల్లకారు పొగ లేకుండా మిమ్మల్ని దాటిపోతే, వెనక స్టిక్కరు చదవండి, పర్లేదు. కానీ దాన్ని ట్యూన్ చేసినామె పేరు సాజిదా. అదొక్కటి గుర్తుపెట్టుకోండి.